మార్తమ్మ రాయితో మూడు రోజులు

ప్రత్తిపాడు పక్క ఊళ్లో నేను ఇరవై రెండేళ్లు సైన్సు చెప్పిన హైస్కూల్లో, ల్యాబు గోడకి ఒక శిలాఫలకం ఉంది. దాని మీద పదిహేడు పేర్లున్నాయి. మంత్రిగారి పేరు అన్నిటికన్నా పెద్దది. కిందికి పోయేకొద్దీ అక్షరాలు చిన్నవవుతాయి, కళ్ల డాక్టరు గోడకి తగిలించే అట్టలో లాగా. అట్టడుగున కాంట్రాక్టరు పేరు. ఆ ల్యాబు కోసం వేసవి సెలవుల్లో ఇల్లిల్లూ తిరిగి చందాలు అడిగింది నేను. నా పేరు లేదు. ప్రారంభోత్సవం రోజు నాకు కుర్చీ కూడా వేయలేదు. ఇది జరిగి పదేళ్లయింది. మరిచిపొమ్మని చాలామంది చెప్పారు. ఎందుకు మరిచిపోవాలో ఒక్కరూ చెప్పలేదు.

రాళ్ల విషయంలో నాకు పట్టింపు అప్పటినుంచే. అందుకే 2003 ఏప్రిల్లో, రిటైరైన రెండో ఏడు, ఒక రాయి కోసం నేను చీమకుర్తి దాకా పోయివచ్చానంటే తెలిసినవాళ్లెవరూ ఆశ్చర్యపోలేదు. ఆ దారిన పోనివాళ్ల కోసం ఆ మూడు రోజులూ రాస్తున్నాను. బస్సు వేళలు రాయను. అవి బస్టాండులో అడిగితే చెబుతారు. చెప్పకపోతే ఫిర్యాదుల పుస్తకం అడగండి. అది ఉంటుంది, తాళం వేసి ఉంటుంది, తీసేదాకా కదలకండి.

కవరులో వచ్చిన గోడలు

గుంటూరులో ఒక మిషన్ స్కూల్లో ఆరు నెలలు ఇంగ్లిషు చెప్పడానికి మెగాన్ అనే ఆమె వచ్చింది. సైన్సు ఎగ్జిబిషన్లో పరిచయమైంది. నేను ఆమెను "ఇంగ్లిషావిడ" అన్నాను. "కాదండీ, నేను వేల్స్ మనిషిని" అని దిద్దింది. మా హెడ్మాస్టరు మళ్లీ అదే అన్నాడు, మళ్లీ దిద్దింది. ఆ పూటలో నాలుగుసార్లు దిద్దింది. ఒకే తప్పును నాలుగుసార్లు విసుగు లేకుండా దిద్దే మనిషి నాకు వెంటనే నచ్చింది.

ఊరికి తిరిగి వెళ్లాక ఒక కవరు పంపింది. అందులో ఫొటోలు. అన్నీ గోడలే. ఇళ్ల గోడలకి బిగించిన పలకలు, చర్చిలో ఒక రాతి ఫలకం. ఇక్కడ ఫలానా శాస్త్రజ్ఞుడు పుట్టాడు, ఇక్కడ ఫలానా యంత్రం తయారైంది అని వాటి మీద రాసి ఉంది. మంత్రుల పేర్లు లేవు. చర్చిలో ఫలకం ఎవరిదంటే, లెక్కల్లో సమానం గుర్తును మొదటిసారి వాడినాయనది. ఏ రెండు వస్తువులూ ఒకే పొడవున్న రెండు గీతలకన్నా ఎక్కువ సమానంగా ఉండలేవని ఆయన ఆ గుర్తు పెట్టాడట. ముప్పై ఏళ్లు బోర్డు మీద ఆ గుర్తు గీసినదాన్ని, దాని వెనక ఒక మనిషి ఉన్నాడని నాకు తెలియదు. "మా దేశంలోనూ చాలామందికి తెలియదు, ఊరివాళ్లే పట్టుబట్టి ఈ పలకలు పెట్టిస్తుంటారు" అని మెగాన్ రాసింది.

పట్టుబట్టడం నాకు కొత్త పని కాదు. ఆ ఫొటోలు చూస్తుండగానే మార్తమ్మ గుర్తొచ్చింది.

మార్తమ్మ మా స్కూలు ఊరి మనిషి. ఎండుమిరపకాయలకి తొడిమలు తీసే షెడ్డులో కూలి. ఆ పని చూడనివాళ్లకి చెప్పాలి. రోజంతా గోళ్లతో తొడిమలు గిల్లితే చేతులు నిప్పులవుతాయి. మజ్జిగలో ముంచినా, నూనె రాసినా తెల్లారేదాకా మంట. మార్తమ్మ మనవరాలు పసిగుడ్డుగా ఉన్నప్పుడు ఒక సాయంత్రం ఆమె ఆ పిల్ల ముఖం తుడిచింది. పిల్ల కళ్లు వాచి రెండు రోజులు తెరవలేదు. ఆ తర్వాత మార్తమ్మ పిల్లని ఎత్తుకోవడం మానేసింది. పదిహేను రోజులు ఆలోచించి, పాత సైకిలు ట్యూబు కోసి వేళ్లకి తొడుగులు కుట్టింది. బొటనవేలి తొడుగుకి కొబ్బరినూనె డబ్బా రేకు గోరులా బిగించింది. చెయ్యి మండలేదు, పని కూడా వేగమైంది. ఇప్పుడు చుట్టుపక్కల షెడ్లన్నిటిలోనూ ఆ తొడుగులే. గుంటూరు బజార్లో ప్లాస్టిక్ సంచిలో పెట్టి అమ్ముతున్నారు. సంచి మీద అమ్మేవాడి పేరుంది.

దీని గురించి నేను మూడు అర్జీలు రాశాను. రెండింటికి జవాబు రాలేదు. మూడోదానికి ఒక ఆఫీసరు పిలిచి, తొడుగును రెండు వేళ్లతో పట్టుకుని, "రబ్బరు ముక్క కదమ్మా" అన్నాడు. ఆయన వేళ్ల మీద మిరపకాయ ఎన్నడూ పడలేదని చూడగానే తెలిసింది.

సరే, ఆఫీసులతో పని లేదు, రాయి నేనే వేయిస్తానన్నాను. షెడ్డులో ఆడవాళ్లకి మాటిచ్చాను. శనివారం కూలి డబ్బుల బట్వాడా రోజు, అందరూ ఉంటారు, ఆ రోజుకి రాయి తెస్తానని. ఎంతోమంది వాళ్లకి ఎన్నో తెస్తామని చెప్పి ఉంటారు. ఎవరూ నవ్వలేదు గానీ నమ్మలేదు. మార్తమ్మ మాత్రం, "రాయి మీద నా పేరు ఎంత పొడుగుంటదమ్మా?" అని అడిగింది. ఆమెకి చదువు రాదు. చేతులతో చూపించాను, జానెడు.

ఒంగోలు

గురువారం పొద్దున్నే గుంటూరులో బస్సెక్కాను. చిలకలూరిపేట దాటేదాకా రోడ్డుకి రెండుపక్కలా పీకేసిన పత్తికట్టె కుప్పలు, కళ్లాల్లో ఎర్రగా మిరపకాయలు. అద్దాలు మూసినా బస్సంతా ఒకటే దగ్గు. మాకు అది వసంతం వచ్చిన గుర్తు.

ఒంగోల్లో దిగి బస్టాండు ఎదురు హోటల్లో పెసరట్టు తిన్నాను. పన్నెండు రూపాయలు. పెసరట్టు బాగుంది. అల్లం పచ్చడి అడిగితే కొబ్బరి చట్నీ వేశాడు. మళ్లీ అడిగాను. "అయిపోయిందమ్మా" అన్నాడు. పక్క బల్ల మీద అల్లం పచ్చడి కనబడుతూనే ఉంది. చెయ్యి చూపించాను.

"అది వాళ్లదమ్మా, ముందే తీసుకున్నారు."

ఆ బల్ల దగ్గరున్న రైతు తన ప్లేటు నావైపు జరిపాడు. "తీసుకో తల్లీ. ఊరుగాని ఊళ్లో పచ్చడి లేకుండా ఎట్టా తింటావు?" పొగాకు అమ్ముకోవడానికి వచ్చాడట. నేను తినేదాకా ఉండి మరీ కదిలాడు. హోటలువాణ్ణి నేను మరిచిపోలేదు, ఆ రైతునూ మరిచిపోలేదు. నా జ్ఞాపకం ఒకవైపే పనిచేస్తుందనేవాళ్లకి ఈ మాట.

చీమకుర్తి

చీమకుర్తి దగ్గరపడుతున్నదని లారీలే చెబుతాయి. ఒక్కో లారీ మీద ఒక్కటే బండ, చిన్న గదంత ఉంటుంది, గొలుసులతో కట్టి. అది పక్కనుంచి పోతుంటే బస్సులో జనం మాటలు ఆపేస్తారు. ఊళ్లో నేల మీద బూడిదరంగు బురద, రాయి కోసే నీళ్లతో తడిసిన పొడి. చెట్ల ఆకులు కూడా అదే రంగు. మా పొలాల్లో గాలికి ఘాటుంటుంది, ఇక్కడ గాలికి బరువుంది. పళ్ల మధ్య కరకరలాడుతుంది.

కానీ ఆ రాయిని నీళ్లు పోసి తుడిస్తే చూడాలి. కాటుక నలుపులో బంగారు రవ్వలు. దేశదేశాలకీ పోతుందట. "వేల్స్ కూడా పోతుందా?" అని అడిగాను. "ఎక్కడికి పోద్దో మాకెందుకు చెబుతారండీ, మేం కోసి పంపడమే" అన్నాడు కోటయ్య.

కోటయ్య చిన్న షెడ్డు పెట్టుకుని, పెద్ద యూనిట్లలో మిగిలిన ముక్కలు కొని వాటి మీద పేర్లు చెక్కుతాడు. యాభై ఏళ్ల మనిషి. రెప్పల మీద కూడా పొడి. నేను అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు ముక్క ఎంచుకున్నాను. రాయాల్సింది కాగితం మీద ఇచ్చాను.

"మిరపకాయ తొడిమలు తీసే వేలి తొడుగును మొదట చేసిన మార్తమ్మ ఇక్కడ పనిచేస్తున్నారు."

కోటయ్య రెండుసార్లు చదివాడు. "అంతేనా? ఎవరు ఆవిష్కరించారు, ఎవరి అధ్యక్షతన, ఏమీ లేవా?"

"లేవు."

"సర్పంచిగారు?"

"లేరు."

"పోనీ మీ పేరు?"

నిజం చెప్పాలి, కాగితం వెనక్కి తీసుకుని నా పేరు ఎక్కడ పడుతుందో చూశాను. "వద్దు" అన్నాను. ఆ ఒక్క మాటకి తొమ్మిదేళ్ల బలం కావలసివచ్చింది.

రేపు సాయంత్రానికి ఇస్తానన్నాడు. అక్షరానికి నాలుగు రూపాయలు, ఒత్తులకి ఏమీ తీసుకోనన్నాడు. మనిషి మంచివాడే అనుకున్నాను. మంచివాడే. అదే చిక్కు తెచ్చింది.

మధ్యాహ్నం రాళ్లపని వాళ్లు తినే మెస్సులో భోజనం. పదిహేను రూపాయలకి చపాతీలు, పప్పు, అన్నం. తమిళం, ఒరియా, హిందీ, అన్నీ వినబడుతున్నాయి. నా ఎదురుగా రాజస్థాన్ నుంచి వచ్చిన పాలిషు పనివాడు కూర్చున్నాడు. ఆరేళ్ల నుంచి ఇక్కడే ఉన్నాడట, తెలుగు బాగానే మాట్లాడుతున్నాడు. నాది గుంటూరని చెప్పాను.

"మీ గుంటూరు మిర్చి రంగు బాగుంటది మేడం" అన్నాడు. "కారం మాత్రం మావైపే."

నా జీవితంలో చాలా మాటలు పడ్డాను. ఇది మాత్రం కొత్త. సంచిలోంచి నేను తెచ్చుకున్న కారప్పొడి పొట్లం తీసి అతని పప్పులో ఒక చెంచా వేశాను. తిన్నాడు. చెమటలు పట్టాయి, చెంబెడు నీళ్లు తాగాడు, కళ్లు తుడుచుకున్నాడు. "బాగానే ఉంది" అన్నాడు. అంతకుమించి ఒప్పుకోలేదు. మొండివాడు. పొట్లం అతనికే ఇచ్చేసి వచ్చాను.

రాయి చేతికొచ్చింది

శుక్రవారం సాయంత్రం కోటయ్య గోనెపట్టా తీసి రాయి చూపించాడు. అక్షరాలు చక్కగా ఉన్నాయి. కానీ అన్నీ నడిమధ్యన ఇరుక్కుని ఉన్నాయి. పైన ఖాళీ, కింద ఖాళీ. నా సంచిలో స్కేలు ఎప్పుడూ ఉంటుంది. కొలిచాను. పైన నాలుగంగుళాలు, కింద మూడు. పేరు ముందు నేను రాయని సిలువ గుర్తు ఒకటి.

"ఇదేంటి కోటయ్యా?"

"పైన ఎమ్మెల్యేగారికి చోటొదిలానమ్మా. మీరు ఇప్పుడు వద్దంటారు, ఊళ్లోకి పోయాక పెద్దలు ఊరుకోరు. ఎన్ని చూళ్లేదు నేను?"

"కింద?"

అతను కాస్త గొంతు తగ్గించాడు. "కింద తేదీకి. ఆయమ్మ పెద్దమనిషంటున్నారుగా. రేపు ఏదన్నా అయితే, మళ్లీ మీరింత దూరం రావాల, కొత్త రాయి కొనాల. ఎందుకా ఖర్చు? ఆ రాయికే తేదీ కొట్టిచ్చి సమాధికి పెట్టుకోవచ్చు."

"మరి సిలువ?"

"మార్తమ్మంటే మనోళ్లేగా! దానికేం తీసుకోలేదమ్మా, ఉత్తినే పెట్టా."

నేను గట్టిగా మాట్లాడితే పక్క షెడ్ల వాళ్లు వస్తారు. వచ్చారు. బతికున్న మనిషికి సమాధిరాయి చెక్కుతావా అని అడిగాను. కోటయ్య తల దించుకున్నాడు గానీ ఒప్పుకోలేదు. "చీమకుర్తిలో ఒక్క మనిషి పేరుతో రాయి అడిగారంటే అది పోయినోళ్లకేనమ్మా. పదిమంది పేర్లుంటే బతికినోళ్లకి. నాకు తెలిసింది అంతే."

పదిహేడు పేర్ల రాయిని తొమ్మిదేళ్లుగా చూస్తున్నాను, ఈ సూత్రం నాకెప్పుడూ తట్టలేదు.

ఇంకో రాయి కావాలంటే సోమవారం దాకా ఆగాలి. శనివారానికి మాటిచ్చాను. ఉన్నదే గోనెలో కట్టించుకుని బయల్దేరాను. ఎనిమిది కిలోలు.

ఇంకొల్లు, పర్చూరు

శనివారం ఒంగోలు నుంచి ప్రత్తిపాడు వైపు ఇంకొల్లు, పర్చూరు మీదుగా పోయే బస్సెక్కాను. రాయిని కాళ్ల దగ్గర నిలబెట్టాను. రెండు గుంతలు దాటేసరికి గోనె మూతి ఊడింది. సిలువ, దాని పక్కన మార్తమ్మ పేరు బయటపడ్డాయి.

కండక్టరు వచ్చాడు. రాయి చూశాడు. చెవి మీద పెన్సిలు తీసినవాడు మళ్లీ పెట్టేశాడు. "మీకొక్కరికే టిక్కెట్టు అమ్మా. దానికొద్దులే."

"సామానే కదా, లగేజీ కొట్టండి."

"పోయినోళ్ల రాయికి లగేజీ కొడతానా తల్లీ! నాకూ అమ్మ ఉంది."

"ఆమె పోలేదు."

"మన మనసులో ఉన్నంతకాలం ఎవరూ పోరులెండి" అని కళ్లు దించుకున్నాడు.

లగేజీ టిక్కెట్టు కొట్టించుకోవడానికి నేను మూడు కిలోమీటర్లు వాదించాను. ఆర్టీసీతో నాకు పాత గొడవలు చాలా ఉన్నాయి. కానీ డబ్బు తీసుకోవయ్యా అని గొడవపడటం అదే మొదటిసారి. ఆఖరికి కొట్టాడు. కొట్టి, "పాపం, దుఃఖంలో ఉన్నారు" అని డ్రైవరుతో చెప్పాడు.

ఇక బస్సంతా పరామర్శ. ఎర్రతువ్వాలు చుట్టుకున్న పెద్దాయన వెనకనుంచి వంగాడు. "వయసెంతమ్మా?"

"అరవై దాటి ఉంటాయి."

"ఏం జబ్బు?"

"జబ్బేం లేదు. బతికే ఉంది. ఈ వేళ పనికి కూడా వచ్చి ఉంటుంది."

పెద్దాయన నోరు తెరిచాడు. "బతికున్న మనిషికి రాయి తీసుకుపోతున్నావా? ఏం చేసిందమ్మా నీకు?"

పక్క సీటులో ఆమె నెమ్మదిగా, నా మంచికే చెబుతున్నట్టు చెప్పింది. "రాయి ముందొస్తే మనిషి ఎనకాలే పోద్దంటారండీ. ఇంట్లోకి మాత్రం తీసుకుపోబాకండి."

ఆ మాట నాలో దిగింది. నేను సైన్సు టీచర్ని, ఇలాంటివి నమ్మను. కానీ మార్తమ్మ నమ్మితే? ఆమె ఆ రాయి చూసి ఒక్క అడుగు వెనక్కి వేస్తే? ఆఫీసరు రబ్బరు ముక్క అన్నప్పుడు నాకు కోపం వచ్చింది. ఆమె "వద్దమ్మా" అంటే మాత్రం కోపం తెచ్చుకోవడానికి నాకు ఎవరూ మిగలరు. కిటికీలో పొగాకు ఎండబెట్టే బ్యారన్లు పోతున్నాయి. నేను వాటిని సరిగా చూడలేదు.

పర్చూరులో ఒక మనిషి భుజాన సంచితో ఎక్కి నా కాళ్ల దగ్గర కింద కూర్చుంది. సంచిలో ఉలులు, సుత్తి. రోళ్లకీ తిరగళ్లకీ అరిగిన గంట్లు మళ్లీ కొడుతూ ఊరూరా తిరిగే మనిషి. పేరు యల్లమ్మ. రాయిని వేలితో తట్టి చూసింది. ఆమెకీ చదువు రాదు కాబట్టి పరామర్శించలేదు.

"చీమకుర్తి రాయా? ఇది మాటినే రాయి కాదు. మెషీను మాటే ఇంటది" అంది. "మీ ఊళ్లో మిక్సీలెన్ని, రోళ్లెన్ని?"

"రోళ్లు ఇంకా ఉన్నాయి. పండుమిరప పచ్చడి రోట్లోనే రుబ్బుతారు."

"అట్టయితే నేనూ ఆడే దిగుతా" అంది.

షెడ్డు

మేం చేరేసరికి బట్వాడా కాలేదు. షెడ్డులో పదకొండుమంది ఆడవాళ్లు మిరపకాయల కుప్పల చుట్టూ, ముక్కుకి కొంగు చుట్టుకుని కూర్చున్నారు. అందరి వేళ్లకీ నల్లటి తొడుగులు. మార్తమ్మ మూలన ఉంది, బాగానే ఉంది. ఆమె కోడలు సుజాత పక్కనే పనిచేస్తోంది.

గోనె విప్పాను. పదో తరగతి దాకా చదివిన సుజాత ఒక్కతే చదవగలిగింది. చదివి, సిలువ చూసి లేచి నిలబడింది.

"ఇదేంది టీచరమ్మా? మా అత్తకి సమాధిరాయి తెచ్చారా? తీసుకుపోండి దీన్ని!"

నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. కోటయ్య సిలువ ఉత్తినే పెట్టడం, పైన చోటు ఎందుకో, కింద చోటు ఎందుకో, అన్నీ. దాచలేదు. చెబుతుంటే నా గొంతు నాకే చిన్నగా వినబడింది. నేను ఎవరికైనా సంజాయిషీ చెప్పి చాలా ఏళ్లయింది.

మార్తమ్మ తొడుగులు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టింది. చేతులు కడుక్కుని వచ్చి అక్షరాలు తడిమింది. "ఏది నా పేరు?" చూపించాను. జానెడుంది. మెల్లగా ఈ చివరినుంచి ఆ చివరికి వేలు జరిపింది. తర్వాత కింద ఖాళీ మీద చెయ్యి పెట్టి పకపకా నవ్వింది.

"ఆ అబ్బాయి తెలివైనోడే! మళ్లీ ఖర్చెందుకని చోటొదిలాడంటే, మంచోడు గదమ్మా. మన కుటుంబాలు తెలిసినోడు."

"అత్తా, అపశకునం!" అంది సుజాత.

"ఏం అపశకునమే? ఎప్పుడో ఒకనాడు కావాల్సిందేగా. ఉండనీ. దానికి తొందరేం లేదు."

అంతలో షెడ్డు యజమాని వెంకట్రామయ్య వచ్చాడు. రాయి అటూఇటూ తిప్పి చూసి సంతోషించాడు. "రోడ్డువైపు గోడకి పెట్టిద్దాం టీచరుగారూ, నాకేం అభ్యంతరం లేదు. పైన చోటు కూడా ఉందిగా, ఎమ్మెల్యేగారి పేరు కొట్టిద్దాం. ఆయన్ని పిలిస్తే షెడ్డుకి పేరొస్తది."

ల్యాబు గోడ మీది పదిహేడు పేర్లూ నా కళ్ల ముందు వరస కట్టాయి. నేను నోరు తెరిచేలోపే మార్తమ్మ అడిగింది.

"ఎమ్మెల్యేగారు ఎన్ని తొడిమలు తీశారయ్యా?"

షెడ్డంతా నవ్వింది. వెంకట్రామయ్యకూ నవ్వు ఆగలేదు.

"ఆ చోటు వీళ్లది" అంది మార్తమ్మ నావైపు తిరిగి. "నేనొక్కదాన్నే చేశానని రాయించావమ్మా, తప్పు. నేను కుట్టిన మొదటి తొడుగు చెమటకి ఊడిపోయింది. లోపల గుడ్డ పెట్టమంది రత్తమ్మ. రేకు అంచు కోసుకుపోతుంటే మడత పెట్టమంది కోటమ్మ. గాలికి సూదితో చిల్లులు పొడిచింది మా సుజాత. ఒక్కొక్కళ్లూ ఒక్కోటి చెప్పారు. చెప్పనోళ్లు వేళ్లు కోసుకుని చూపించారు."

పదేళ్లుగా ఆమె ఒక్కతే చేసిందని నేను అర్జీల్లో రాస్తున్నాను. ఒక్కసారి కూడా ఆమెని అడగలేదు. పేరు వదిలేయడం గురించి అందరికీ పాఠం చెప్పే నేను పదిమందిని వదిలేశాను. దీనికి ఎవరి మీద ఫిర్యాదు రాయాలో నాకు తెలియలేదు.

"పేర్లు చెక్కాలంటే మళ్లీ చీమకుర్తి పోవాలి" అన్నాను.

"పేర్లెందుకు? మాలో చదివేదెవరు? మనిషికో గీత పెట్టండి. ఎవరి గీత ఏదో మాకు తెలుస్తది."

గుమ్మంలో కూర్చుని మంచినీళ్లు తాగుతున్న యల్లమ్మ అప్పటికే ఉలి తీసింది.

గీతలు

ఆ రాయి నిజంగానే మాట వినలేదు. యల్లమ్మ ఉలి రెండుసార్లు మొద్దుబారింది. అరుగు మీద నూరుకుని మళ్లీ మొదలుపెట్టింది. నలుపు మీద సుత్తి పడ్డచోట బూడిదరంగు గీత తేలుతోంది. కొలతకి నా స్కేలు ఇచ్చాను. వద్దంది. చూపుడువేలు రాయి మీద ఆనించి, ఆ పొడవే కొట్టింది. బట్వాడా అయిపోయింది. ఒక్కరూ ఇంటికి పోలేదు. ఎవరి గీత వచ్చినప్పుడు వాళ్లు ముందుకి జరిగారు. రత్తమ్మ తన గీత మీద పొడి ఊది, "కొంచెం లోతుగా కొట్టవే, వానకి పోద్ది" అంది. "ఇది పోతే నా పేరు మార్చు" అంది యల్లమ్మ. కొట్టినందుకు ఏమిమ్మంటావని అడిగితే, "డబ్బొద్దు, ఆ వేళ్లు ఒక జత ఇవ్వండి. ఉలి పట్టి పట్టి చెయ్యి బొబ్బలు" అంది. మార్తమ్మ తన తొడుగులే ఇచ్చేసింది.

పదకొండు గీతలయ్యాయి, ఒకదాని కింద ఒకటి. మార్తమ్మ తన పేరు ఉన్నా సరే, గీత కూడా కావాలంది. వాటిని చూస్తూ నేను మెగాన్ పంపిన ఫొటో తలచుకున్నాను. ఒకే పొడవున్న రెండు గీతలకన్నా సమానమైనవి లేవన్నాడాయన. ఇక్కడ పదకొండు. ఆయన పుస్తకం గానీ ఫలకం గానీ చూడని మనుషులు, ఎవరూ చెప్పకుండానే అదే గుర్తు దగ్గరికి వచ్చారు.

"ఇంకొకటి కొట్టు" అంది మార్తమ్మ.

"పదకొండుమందే గదా" అంది యల్లమ్మ.

"టీచరమ్మది."

నేను వద్దనలేదు. వద్దనడానికి కావలసిన బలం చీమకుర్తిలోనే ఖర్చయిపోయింది. పైన మిగిలిన కాస్త చోటులో యల్లమ్మ పన్నెండోది కొట్టింది. ఇప్పుడు ఎమ్మెల్యేగారికి బొట్టు పెట్టడానికి కూడా చోటు లేదు. కింది మూడంగుళాలు అలాగే ఉన్నాయి. సుజాత రోజూ పనికి వచ్చేటప్పుడు ఆ ఖాళీని చేత్తో తుడిచి వస్తుందట, ఇంకా ఖాళీగానే ఉందో లేదో చూసుకుంటున్నట్టు.

రాయి రోడ్డువైపు గోడకి ఉంది. ప్రత్తిపాడు మీదుగా పోయేవాళ్లు ఎవరైనా దిగి చూడవచ్చు. ఫొటో తీసి వేల్స్ పంపాను. హైస్కూలు ల్యాబు ముందు నుంచి ఇప్పుడు కూడా పోతుంటాను. ఆ పదిహేడు పేర్లూ ఇప్పుడు చదవడం లేదు. అన్నీ కంఠతా వచ్చు కాబట్టి అవసరం లేదు.

ఒక్క సంగతి మిగిలింది. గోడకి పెట్టాక స్కేలుతో కొలిచాను. నా గీత మిగతావాటికన్నా అర సెంటీమీటరు పొట్టిగా ఉంది. సమానం గుర్తులో రెండు గీతలూ ఒకే పొడవుండాలని ముప్పై ఏళ్లు పిల్లల చేత చెరిపించి మళ్లీ గీయించినదాన్ని. ఊరు దాటబోతున్న యల్లమ్మకి చెప్పాను.

"అప్పటికి చెయ్యి నొప్పెట్టిందమ్మా. మళ్లీ ఈ ఊరికి వచ్చినప్పుడు పొడిగిస్తాలే" అంది.

ఏడాదయింది. ఇంకా రాలేదు. రోళ్లకి గంట్లు కొట్టేవాళ్ల కేక వీధిలో వినబడినప్పుడల్లా బయటికి వచ్చి చూస్తున్నాను. నేను మరిచిపోలేదు.